మటిక్కాయ గింజలను ఆయిల్ బావుల్లో పోస్తారంట, నిజమేనా?

గుత్తికోట:
మా నాయిన 2012లో రెండెకరాల్లో చెనిక్కాయ మానేసి మటిక్కాయ (గోరుచిక్కుడు) వేసినాడు. కూరకు కాదు, గింజకు. విత్తనాలిచ్చినోళ్లు "అమెరికాలో ఆయిల్ బావులకు కావాల, ఎంతున్నా కొంటాం" అన్నారంట. మా ఇంట్లో ఇప్పటికీ అదొక నవ్వులాట. మీలో ఎవురన్నా వేసినారా?

మెహసానా_రిటర్న్:
నిజమే అన్నా. మాది కడప, గుజరాత్‌లో నాలుగేండ్లు ఫ్రాక్ (నూనె బావుల్లో రాయిని చీల్చే) పనిలో ఉన్నా. నూనె ఉన్న రాయిలో సందులు మరీ సన్నగా ఉంటే బావిలోకి ఊరదు. నీళ్లను గట్టి ఒత్తిడితో పంపి రాయిని చీలుస్తాం. పంపు ఆపితే చీలిక మూసుకుంటాది, అందుకని చీలికను తెరిచి ఉంచేదానికి ఇసుక పంపాల. ఉత్త నీళ్లలో ఇసుక అడుక్కి దిగిపోతాది. గోరుచిక్కుడు గింజ పిండి వెయ్యి లీటర్లకు మూడు నాలుగు కిలోలు కలిపి, బోరేట్ (బోరాన్ ఉప్పు) తగిలిస్తే జెల్లీ మాదిరి అయితాది, ఇసుకను మోసుకుపోతాది. ట్యాంకు దగ్గర నిలబడితే పచ్చి చిక్కుడు వాసనే!
అసలు తంటా తర్వాత. ఆ జెల్లీ లోపలే ఉండిపోతే నూనెకే అడ్డం. విరగ్గొట్టే ఎంజైమ్ ముందే కలుపుతాం. ఒకసారి పాళ్లు తప్పి జెల్ విరగలేదు, ఆ బావి ముందుకంటే తక్కువ ఇచ్చింది.
1947లో కాన్సస్‌లో మొదటిసారి చేసినప్పుడు నాపామ్ (పెట్రోల్‌ను జెల్లీ చేసే పొడి) కలిపిన గ్యాసోలిన్ (పెట్రోల్) పోసినారు. ఈ గింజ తర్వాత వచ్చిందే.

ఆదోని_అంగడి:
2012 మార్చిలో క్వింటాలు 30 వేల దాకా పోయింది. ఫ్యూచర్స్ ట్రేడింగ్ (ముందు తేదీకి ఇప్పుడే రేటు కట్టే బేరాలు) ఆపేసి 2013 మేలో మళ్లా తెరిచినారు. ప్రపంచంలో పండే గింజలో నూటికి ఎనభై మన దేశానిదే, అందులో రాజస్థాన్‌దే పెద్ద వాటా. వాళ్లూ రేటు చూసి ఎగబడి వేసినారు. మనోళ్లు గింజ చేతికి తెచ్చేసరికి రేటు దిగింది. 2014 చివర క్రూడ్ (ముడి చమురు) రేటు కూడా పడిపోయింది.

పులివెందుల_పిల్లోడు:
మూడెకరాలు మావి. కొంటామన్నోళ్లు కోత కాగానే ఫోన్ ఎత్తలేదు. మూటలు రెండేండ్లు వసారాలో ఉండె. ఉడకబెట్టి ఎనుములకు పెట్టినాం, పాలైతే బాగిచ్చినాయి.

మెహసానా_రిటర్న్:
ఇంకో మాట. షేల్ (పొరలు పొరలుగా ఉండే మట్టిరాయి) బావుల్లో ఎక్కువగా జెల్ లేకుండా పలచటి నీళ్లే జోరుగా కొడతారు, పాలీయాక్రిలమైడ్ (రాపిడి తగ్గించే రసాయనం) కొంచెం కలిపి. గింజ అవసరం అట్లా కూడా తగ్గింది.

ఎండిన_బోరు:
మా బోరుకు హైడ్రోఫ్రాక్చరింగ్ చేయించినాం, ఇదేనా? అర ఇంచు నీళ్లు వచ్చినాయి, ఎండాకాలానికి మళ్లా గాలే.

మెహసానా_రిటర్న్:
సూత్రం అదే. బోరులో ప్యాకర్ (రబ్బరు అడ్డు) బిగించి నల్లరాతి పగుళ్లను నీళ్లతో తెరుస్తారు. జెల్ ఉండదు. పగుళ్లు తెరిచినా అటుపక్క నీళ్లుంటేనే కదా వచ్చేది.

గుత్తికోట:
నాయినకు చదివి వినిపించినా. "కాయగా కోసి సంతలో అమ్మింటే సరిపోయుండు" అంటాండాడు.

ఆదోని_అంగడి:
గింజ రకం కాయ అంతా పీచు అన్నా, కూరకు ఎవురూ కొనరు.