కామిక్స్‌లో మొదటి బార్బేరియన్ ఎవరు? హెర్క్యులిస్‌ని లెక్కలో వేసుకోవచ్చా?

పాతపెట్టె:
కామిక్స్‌లో తొలి బార్బేరియన్ హీరో, అంటే నాగరికతకి బయట పుట్టిన కత్తివీరుడు, ఎవరంటే అందరూ క్రోమ్ పేరే చెబుతారు. 1950లో ఏవన్ కంపెనీ వేసిన 'అవుట్ ఆఫ్ దిస్ వరల్డ్' మొదటి సంచికలో వచ్చాడు. కథ గార్డ్‌నర్ ఫాక్స్‌ది, బొమ్మలు జాన్ జుంటావి. బంగారు రంగు జుట్టు, చేతిలో కత్తి, ఒక మాంత్రికుడు, ఒక రాణి. మూడు కథలకే కొట్టు కట్టేశారు. నా గొడవల్లా ఒకటే. 1940లోనే హెర్క్యులిస్ కామిక్స్‌లో హీరోగా ఉన్నాడు కదా, ఆయన్ని ఎందుకు లెక్కపెట్టరు? సింహం తోలు, దుడ్డుకర్ర, చొక్కా లేని కండలు. గ్రీకు కథలోని హెర్క్యులిస్ అంటేనే ఇది. ఇంకేం తక్కువైంది?

యవనుడు:
చొక్కా లేకపోవడమే కొలతైతే ఎండాకాలంలో మా తాతగారూ బార్బేరియనే. ఆ మాటకి ఒంటితో పనిలేదండీ, నోటితో పని. గ్రీకు రానివాళ్లు మాట్లాడుతుంటే గ్రీకుల చెవికి 'బర్ బర్' అని వినబడేది, అందుకని బార్బరోస్ అన్నారు. ఇలియడ్‌లో హోమర్ కేరియా (ఇప్పటి టర్కీ నైరుతి మూల) వాళ్లని అన్నదీ ఇదే, బర్బర భాష మాట్లాడేవాళ్లని. హెర్క్యులిస్ పుట్టింది థీబ్స్‌లో. ఆయన గ్రీకు హీరోలకే పెద్దన్న. ఆయన్ని బార్బేరియన్ అనడమంటే భీముణ్ణి కౌరవుల్లో కలిపేయడమే.

గదాధరి:
యవనుడు గారూ, 1941 చివర్లో 'ఆల్ స్టార్ కామిక్స్' 8వ సంచికలో వండర్ ఉమన్ మొదటిసారి వచ్చింది కదా, అది చూశారా? అందులో హెర్క్యులిస్ అమెజాన్లనే యోధురాళ్ల రాణి హిప్పోలిటా నడుం పట్టీ మోసంతో కాజేసి, వాళ్లందరినీ బానిసలుగా చేస్తాడు. వాళ్లు చేతులకి వేసుకునే కడియాలు ఆ సంకెళ్ల గుర్తే. అంత పని చేసినవాణ్ణి నాగరికుడు అనాలా?

యవనుడు:
మీరు బట్టల దగ్గర నుంచి బుద్ధుల దగ్గరికి వచ్చారు. పైగా అక్కడ ఆయన విలన్. మనం వెతికేది హీరోని.

మినపరొట్టె:
నాకు కామిక్స్ పెద్దగా తెలియదు కానీ ఒక మాట. మన భారతంలో వసిష్ఠుడి ఆవు నందిని ఒంట్లోంచి సైన్యాలు పుట్టుకొస్తాయి గుర్తుందా? ఆ జాబితాలో యవనులూ (అంటే గ్రీకులు) ఉన్నారు, బర్బరులూ ఉన్నారు. అంటే మనవాళ్ల లెక్కలో గ్రీకులే బయటివాళ్లు. అక్కడితో ఆగలేదు. ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుడి శాపం తగిలి అంచులకి పోయిన కొడుకుల సంతానమని శబరుల పక్కనే ఆంధ్రులనీ చెప్పారు! గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా రాశాడు, ఈజిప్టు వాళ్లు తమ భాష రానివాళ్లందరినీ బార్బేరియన్లనే అంటారని. ఆ లెక్కన ఈజిప్టులో అడుగుపెడితే హెర్క్యులిసూ బార్బేరియనే. ఎవరి ఊళ్లో నిలబడి అడుగుతున్నామో ముందు తేల్చండి.

బొమ్మలపిచ్చి:
మీరంతా మాటల దగ్గరే ఉన్నారు, కామిక్ అంటే బొమ్మ. 1959లో స్టీవ్ రీవ్స్ సినిమా 'హెర్క్యులిస్'ని డెల్ వాళ్లు కామిక్‌గా వేశారు. గీసింది జాన్ బుసేమా. మరుసటి ఏడు అదే డెల్‌కి 'స్పార్టకస్' గీశాడు. 1973లో మార్వెల్ వాళ్ల పేరుమోసిన బార్బేరియన్ కామిక్ 'కోనన్' పగ్గాలు ఆయన చేతికొచ్చాయి, చాలా ఏళ్లు వదల్లేదు. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. భుజాలు, మెడ, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడే తీరు. మనం ఇవాళ బార్బేరియన్ ఒళ్లు అనుకుంటున్నది గ్రీకు వీరుల కండల సినిమాల దగ్గర చెయ్యి తిరిగిన ఒళ్లని నా అభిప్రాయం.

ఇంకోటి. యవనుడు గారి కొలతే పట్టుకుందాం. రోమ్ మీద బానిసల తిరుగుబాటు నడిపిన స్పార్టకస్, గ్రీసుకి ఉత్తరాన ఉన్న థ్రేస్ వాడు, అంటే గ్రీకుల లెక్కలో అసలు సిసలు బార్బేరియన్. తమాషా ఏంటంటే గ్రీకు రచయిత ప్లూటార్క్ అతన్ని మెచ్చుకుంటూ, తన జాతివాళ్ల కన్నా గ్రీకువాడిలానే ఉంటాడన్నాడు. బార్బేరియన్‌ని పొగడాలంటే వాడు బార్బేరియన్ కాదనాలన్నమాట!

పాతపెట్టె:
ఆ ముక్క బాగుంది. కానీ 1960 అంటే క్రోమ్ తర్వాత పదేళ్లకి. మొదటివాడు కాలేడు. పైగా అతని యుద్ధమంతా ఇటలీలో, గ్రీకు లోకంలో కాదు.

గదాధరి:
క్రోమ్ మాత్రం ఏ దేశం వాడు? ఏ పటంలోనూ లేని దేశం వాడు. గ్రీకు లోకంతో అతనికేం సంబంధం?

యవనుడు:
ఉంది, దొడ్డిదారిన. క్రోమ్ ఎవరి నకలు? కోనన్‌ది. 1932లో రాబర్ట్ హోవర్డ్ 'వియర్డ్ టేల్స్'లో మొదలుపెట్టాడు. కోనన్ మాటమాటకీ ఒట్టు పెట్టుకునే దేవుడి పేరే క్రోమ్. దేవుడి పేరు ఎత్తుకొచ్చి హీరోకి పెట్టేశారు, మనం వెంకటేశ్వర్లు అని పెట్టుకున్నట్టు! ఆ కోనన్ సిమ్మేరియా వాడు. ఆ పేరు హోవర్డ్ పుట్టించింది కాదు. హోమర్ ఒడిస్సీ 11వ భాగంలో ఒడిస్యూస్ చనిపోయినవాళ్లతో మాట్లాడటానికి లోకం అంచుకి వెళ్తాడు. అక్కడ పొగమంచు, సూర్యుడు కనబడని ఊరు. ఆ ఊరివాళ్లే సిమ్మేరియన్లు. చిన్నప్పుడు చందమామ చదివినవాళ్లకి ఒడిస్యూస్ కొత్తవాడేం కాదు, మన రూపధరుడే. హోవర్డ్ ఆ చీకటి తీసుకెళ్లి తన కొండల మీద పరిచాడు. కాబట్టి కామిక్స్‌లో తొలి బార్బేరియన్ క్రోమే, కానీ అతని తాతల ఊరు హోమర్ దగ్గరుంది. నా ఓటు ఇదే.

బొమ్మలపిచ్చి:
నకలుకి మొదటి బహుమతి ఇస్తారా?

యవనుడు:
కామిక్స్‌లో మొదట ఎవరొచ్చారన్నదే కదా ప్రశ్న. గొప్ప ఎవరన్నది కాదు.

పాతపెట్టె:
సరే, క్రోమ్‌కి ఒప్పుకుంటాను. హెర్క్యులిస్‌ని మాత్రం వదలను. హెరొడోటస్ నాలుగో పుస్తకం తీయండి. నల్లసముద్రం ఒడ్డున ఉండే గ్రీకులు చెప్పిన కథ ఉంటుంది. పోయిన గుర్రాలు వెతుక్కుంటూ వచ్చిన హెర్క్యులిస్‌కి నడుం కింద పాములా ఉండే ఆవిడ వల్ల ముగ్గురు కొడుకులు పుడతారు. పోతూ పోతూ తన విల్లొకటి ఆవిడకిచ్చి, దీన్ని నాలా వంచగలిగినవాణ్ణే ఈ నేల మీద ఉంచు, మిగతావాళ్లని పంపెయ్ అంటాడు. పెద్దవాళ్లిద్దరి వల్లా కాలేదు. చిన్నవాడు సిథెస్ వంచాడు. నల్లసముద్రానికి ఉత్తరాన తిరిగే సిథియన్ల రాజులంతా అతని వంశమే. గ్రీకులు బార్బేరియన్లన్న జాతికి గ్రీకులే కట్టిన తండ్రి హెర్క్యులిస్. ఇప్పుడు చెప్పండి యవనుడు గారూ.

యవనుడు:
కొడుకు విల్లు వంచాడు, తండ్రి కాదుగా! కొడుకు పేరు రాసుకోండి, ఒప్పుకుంటాను. ఇంతకీ ఆ సిథెస్ మీద ఎవరైనా కామిక్ వేశారా?