భువనగిరి బండ మీద పైదాకా రెయిలింగ్ వేయాలా, వద్దా?

బండదారి: సూటిగా అడుగుతున్నా. భువనగిరి కోట గుట్ట మీద మెట్లు ఆగి నున్నటి బండ మొదలయ్యే చోటల్లా ఇనుప రెయిలింగ్ వేయాలా, వద్దా? వేయాలనే నా వాదన. హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డు మీద దాదాపు 50 కిలోమీటర్లే కాబట్టి ఆదివారం వస్తే పిల్లాజెల్లా అందరూ ఎక్కుతున్నారు. 500 అడుగులకు పైగా లేచిన ఏకశిల అది. కాలు జారితే పట్టుకోవడానికి కొమ్మ కూడా దొరకదు.

రాతిపట్టు: అన్నా, ముందు జారేది ఎక్కడో చూద్దాం. పొడి గ్రానైట్ గరుకుగుంటది, మెత్తటి రబ్బరు సోలు బూటుకు మంచి పట్టు దొరుకుతది. నీళ్లు కారిన దారెంట నల్లటి చారలుంటయి చూడు, అది పాచి. ఎండాకాలం బండలో బండలాగే ఉంటది. నాలుగు చినుకులు పడ్డయంటే సబ్బు రాసినట్టే. ఇంకోటి, బండ పెచ్చులూడి రాలిన పలుకులు. జొన్నగింజలంత ఉంటయి, వాటి మీద కాలేస్తే కింద చక్రాలున్నట్టు జరుగుతది.

ఎక్కుడు కాదు, దిగుడే కష్టం. భయంతోని ఒళ్లు వెనక్కి వాలుస్తరు. బరువు మడమల మీదికి పోయి, ముందరి పాదం లేస్తది, అంతే. మోకాళ్లు కొంచెం వంచి, అరికాలు మొత్తం ఆనించి, బరువు పాదాల మీదే ఉంచి చిన్న చిన్న అడుగులెయ్యాలె. మలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కకముందు మొదట తర్ఫీదు పొందింది ఈ బండ మీదనే. నడక నేర్పకుండ రాడ్లు పాతితే ఏం ఫాయిదా?

బండదారి: పూర్ణ సంగతి వేరు. మనవడి చెయ్యి పట్టుకొని వచ్చిన పెద్దావిడకు గేటు దగ్గర ఎవరు నేర్పుతారు? ఆవిడకు చేతికందే ఆసరా కావాలి.

కోటగోడ: ఆ ఆసరా ఎంతకాలం నిలుస్తుందో కూడా చూడాలి కదండీ. రాడ్డు పాతాలంటే బండను తొలవాలి. చుట్టూ సిమెంటు నింపినా కొన్నాళ్లకు సందు పడుతుంది, నీళ్లు దిగుతాయి, ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి రంధ్రం చుట్టూ రాయి చిట్లుతుంది. బయటికి రంగేసి దిట్టంగా కనిపించే రాడ్డు లోపల ఊగుతుంటుంది. దాన్ని నమ్మి బరువంతా వేసిన మనిషి దానితోపాటే పోతాడు. రెయిలింగ్ లేని చోటైతే కనీసం ఒళ్లు దగ్గర పెట్టుకొని నడుస్తాడు.

పైగా ఈ రాయి పొరలు పొరలుగా విడుతుంది. సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే గట్టి రాయి. బోలుగా డబ్‌మని మోగితే పై పొర లేచిందని, అక్కడ తొలవకూడదు. వేయక తప్పదంటే స్టెయిన్‌లెస్ స్టీలు, రెసిన్ జిగురు వాడాలి, గట్టి రాయిలోనే, ఏటా ఒక్కో రాడ్డునూ కుదిపి చూసే మనిషిని పెట్టుకొని. ఆ మనిషికి జీతం ఇవ్వలేమంటే అసలు మొదలుపెట్టొద్దు. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి కాలం నుంచి కోటను మోస్తున్న బండ అది.

ఎండమావి: ఒక మాట మరిచారు. మే నెల మిట్టమధ్యాహ్నం ఆ ఇనుము మీద చెయ్యి ఆనదు. బండ కూడా సాయంత్రం దాకా సెగ చిమ్ముతూనే ఉంటుంది. గేటు తెరిచీ తెరవగానే ఎక్కి పొద్దెక్కకముందే దిగాలి, మనిషికి 2 లీటర్ల నీళ్లు తప్పనిసరి. ఉరుము వినిపిస్తే బోడిగుండు లాంటి ఆ శిఖరం మీద ఒక్క నిమిషం ఉండొద్దు, ఇనుప కడ్డీ ముట్టుకోవద్దు. పైన నీటి గుండాల అంచుల్లో పాచి ఉంటుంది, ఫొటో కోసం దిగొద్దు.

బండదారి: తుప్పు సంగతి ఒప్పుకుంటున్నా. అయితే పైదాకా వద్దు, దిగేటప్పుడు బాగా వాలుగా ఉండే చోట్ల మాత్రం స్టీలు వేయాలి. బండ తడిగా ఉన్న రోజు మెట్లు అయిపోయిన చోటే గొలుసు కట్టి ఆపేయాలి.

రాతిపట్టు: గొలుసుకు నేను సై. రాడ్లకు మాత్రం ఇప్పటికీ నై. ఆ పైసలతోని ఒక మనిషిని పెట్టి రోజూ పొద్దున్నే దారిలో పలుకులు ఊడ్పించుండ్రి, వానలు తగ్గినంక నడిచే చోట పాచి గీకించుండ్రి.