పది నిమిషాలు దాటితే గిట్‌లో సంతకం పడటం లేదు

పర్లాకిమిడిలోని ఇంటి ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే మార్గం) ద్వారా రాయగడ కార్యాలయంలోని ఉబుంటు కంప్యూటర్‌లో పని చేస్తున్నాను. ఆ పని ఒక తెలుగు-ఒడియా పదపట్టిక; దాని మార్పులను గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే సాధనంలో) ఉంచుతాం. ఏ సవరణ ఎవరిదో కచ్చితంగా తేలాలని ప్రతి కమిట్‌కూ (గిట్‌లో నమోదు చేసే మార్పుకు) జీపీజీ అనే గుప్తీకరణ సాధనంతో డిజిటల్ సంతకం తప్పనిసరి చేసుకున్నాం.

టెర్మినల్‌లో కమిట్ చేస్తే రహస్యపదం అడిగే పెట్టె తెరుచుకుంటుంది, సంతకం పడుతుంది. వెంటనే ఎడిటర్ నుంచి చేసినా ఇబ్బంది లేదు. పది నిమిషాలు ఊరుకున్నానంటే మాత్రం ఎడిటర్‌లో పెట్టె రాదు, సంతకం చేయలేకపోయానన్న సందేశమే వస్తుంది. రహస్యపదాన్ని గుర్తుంచుకునే 600 సెకన్ల క్యాష్ గడువే కారణమని అర్థమైంది. గడువు పెంచితే పని జరుగుతుంది, కానీ ఆ కంప్యూటర్ ముందు ముగ్గురం కూర్చుంటాం. నా సంతకం అలా తెరిచి ఉంచడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

పెట్టె ఏ టెర్మినల్‌లో తెరవాలో చెప్పే జీపీజీ_టీటీవై అమర్చాను, ఏజెంట్‌ను (కీలను, రహస్యపదాన్ని చూసుకునే జీపీజీ నేపథ్య ప్రోగ్రామ్‌ను) ఆపి మళ్లీ నడిపాను, కీ గడువు చూశాను. చివరికి రహస్య కీని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని, ఎస్‌ఎస్‌హెచ్‌లోని రిమోట్‌ఫార్వర్డ్‌తో ఏజెంట్ సాకెట్‌ను (ప్రోగ్రామ్‌లు ఏజెంట్‌తో మాట్లాడే ద్వారాన్ని) కార్యాలయ కంప్యూటర్‌కు పంపాను. ఒక కమిట్ అద్భుతంగా వెళ్లింది! తరువాత లాగిన్ అయ్యేసరికి అక్కడి సిస్టమ్‌డీ (ఉబుంటులో సేవలను నడిపే ప్రోగ్రామ్) తన సొంత ఏజెంట్‌ను లేపి ఆ సాకెట్‌ను ఆక్రమించింది.

మిగతా ఇద్దరి సంతకాలకు ఆటంకం లేకుండా, నా ఖాతాలో మాత్రమే ఆ ఏజెంట్ లేవకుండా శాశ్వతంగా ఆపడం ఎలా?