వంటామె కులం చూసి పిల్లల చేత భోజనం మాన్పిస్తే, మారవలసింది ఎవరు?

ప్రశ్న (ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా):
మా పల్లె ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండే పని ఒక దళిత మహిళకు అప్పగించిన నాటి నుంచి, పన్నెండు మంది పిల్లలు ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చుకుంటున్నారు. ఆమెను గిన్నెలు తోమే పనికి మార్చి వంట మరొకరికి ఇస్తే గొడవ ఉండదని ఊరి పెద్దలు చెబుతూ, ఆమెకు నచ్చజెప్పే బాధ్యత నాకే అప్పగించారు. కాదంటే పిల్లలను ప్రైవేటు బడికి పంపేస్తారేమోనన్న భయం నాకు ఉంది. ఇందులో మొదటి అడుగు ఎవరు వేయాలి?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, శ్రీకాకుళం:
మాస్టారూ, ఆమె ఆ వంటగదిలో ఉండడం ఎవరి దయా కాదు. మధ్యాహ్న భోజన పథకంలో వంటవారిని నియమించేటప్పుడు దళితులకు, షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంటి అన్నం తెచ్చుకున్న పిల్లవాడి చేత ఏ చట్టమూ బడి అన్నం తినిపించలేదు గానీ, అంటరానితనాన్ని 17వ అధికరణం రద్దు చేసిన దేశంలో కులం చూసి ఒకరి పని మార్చడం ప్రభుత్వ ఉద్యోగికి తగదు. కాబట్టి మొదటి అడుగు మీదే. నేను పనిచేసిన బడిలో ఇదే పరిస్థితి వచ్చినప్పుడు, ఉపాధ్యాయులమందరం పిల్లల వరుసలోనే కూర్చుని ఆ అన్నం తిన్నాము. రెండిళ్ల పిల్లలు ఏడాది చివరి వరకు రాలేదు, అది నాకు ఇప్పటికీ బాధే. ఆమె వంట మాత్రం ఆగలేదు.

ఒక వంటామె కుమార్తె, పాలకొండ ప్రాంతం:
మా అమ్మ బడిలో తొమ్మిదేళ్లు వండింది. శుభ్రంగా కనబడితే అందరూ తింటారన్న ఆశతో, మొదటి రెండేళ్లు తెల్లవారుజామునే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వెళ్లేది. వాళ్ల అభ్యంతరం శుభ్రత మీద కాదని ఆమెకు తెలియక కాదు, తన చేతిలో ఉన్నది అంతే గనుక అలా చేసేది. క్యారియర్లు తెచ్చుకున్న పిల్లల మీద ఆమెకు కోపం లేదు. "నువ్వే కాస్త సర్దుకోమ్మా" అన్న మాట మాత్రం, అది బాగా చదువుకున్నవారి నోటి నుంచి రావడం వల్ల కాబోలు, ఈనాటికీ మరచిపోలేదు. మాస్టారూ, దయచేసి ఆ మాట మీ బడి వంటామెతో అనకండి. ఆ పన్నెండు ఇళ్లకు మీరు వెళ్లండి, ఆమెను మాత్రం వెంట తీసుకువెళ్లకండి.

ప్రశ్న అడిగినవారు:
పని మార్చేది లేదని రేపే పెద్దలకు చెప్పి, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి రాతపూర్వకంగా తెలియజేస్తాను. సోమవారం నుంచి నా భోజనం కూడా బడిలోనే.