తమ్ముడి ఫ్రెటర్నిటీ నేషనల్‌లో కలుస్తోందట, ఓటు వేసే ముందు ఏమేం అడగాలి?

విశాలాక్షినగర్_అక్క:

అందరికీ నమస్కారం. మా తమ్ముడు అమెరికాలో, మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ మూడో ఏడాది చదువుతున్నాడు. వెళ్లిన ఏడాదే అక్కడ ఒక చిన్న ఫ్రెటర్నిటీలో (అక్కడి కాలేజీల్లో అబ్బాయిలు చేరే విద్యార్థి సంఘం) చేరాడు. అది ఆ ఒక్క క్యాంపస్‌లోనే ఉండే లోకల్ సంఘం. ముప్ఫై మంది లోపే ఉంటారు, సగం మంది మనవాళ్లు, మిగతావాళ్లు నేపాల్, వియత్నాం, ఇద్దరు ముగ్గురు అమెరికన్లు. వీడు ఇప్పుడు దానికి ట్రెజరర్. మొన్న సోమవారం పొద్దున్న ఆరున్నరకి (వాడికి ఆదివారం రాత్రి ఎనిమిది) ఫోన్ చేసి, మా లోకల్ ఒక పెద్ద నేషనల్ ఫ్రెటర్నిటీలో, అంటే చాలా క్యాంపస్‌లలో శాఖలున్న దాంట్లో, చేరాలనుకుంటోంది, వచ్చే వారం ఓటింగ్, డబ్బులు కూడా కొంచెం ఎక్కువ కట్టాలి అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "మేం ముందు కాలనీ అవుతాం నాన్నా, ఏడాది తర్వాత చార్టర్ ఇస్తారు" అన్నాడు. మా నాన్న పోర్టులో అకౌంట్స్‌లో చేసి రిటైరయ్యారు. కాలనీ అనగానే ఆనందపురం పక్కన వేసే లేఅవుట్లు గుర్తొచ్చినట్టున్నాయి, "చదువుకోమని పంపిస్తే ప్లాట్లు అమ్ముతున్నావురా, దానికి వీఎంఆర్‌డీఏ అప్రూవల్ ఉందా" అని మొదలుపెట్టారు. అది కాదని సర్దిచెప్పాక, ఇది గొలుసు స్కీమేమో, పైవాడికి డబ్బులు పంపుతూ కిందివాళ్లని చేర్పించే రకమేమో అని ఇంకో అనుమానం. ఇంట్లో రెండు రోజులుగా ఇదే గొడవ.

నాకు కావలసింది ఒక్కటే. నేషనల్ వాళ్లు నిజంగా ఏమిస్తారు, ఏం తీసుకుంటారు? ట్రెజరర్‌గా వీడు సంతకం పెట్టే ముందు ఏం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, "వాడికి ఇవన్నీ ఎందుకు, చదువుకోమనండి" అనే సలహా మా పిన్ని ఆల్రెడీ ఇచ్చేసింది.

మధురవాడ_నైట్‌షిఫ్ట్:

అక్కా, కాలనీ దగ్గర ఆఫీసులో గట్టిగా నవ్వేశాను, పక్క సీటువాడు లేచి చూశాడు. నేను అక్కడ చదివినప్పుడు మా లోకల్ సరిగ్గా ఇదే చేసింది కాబట్టి తెలిసినంత చెప్తాను.

ముందు ఆ కాలనీ మాట. ఇంకా చార్టర్ (పూర్తి శాఖగా గుర్తించే పత్రం) రాని, ప్రొబేషన్‌లో ఉన్న గుంపుని కాలనీ అంటారు, అంతే. వలస రాజ్యం వాసన వస్తోందని ఈమధ్య చాలా ఫ్రెటర్నిటీలు ఆ మాట మానేసి అసోసియేట్ చాప్టర్, ప్రొవిజనల్ చాప్టర్ అంటున్నాయి (చాప్టర్ అంటే ఒక క్యాంపస్‌లోని శాఖ). మీ తమ్ముడి వాళ్లు పాత మాటే వాడుతున్నట్టున్నారు.

పద్ధతి ఇలా ఉంటుంది. లోకల్‌వాళ్లు హెడ్‌క్వార్టర్స్‌కి పిటిషన్ పెడతారు. వాళ్లు వచ్చి ఎంతమంది ఉన్నారు, గ్రేడ్లు ఎలా ఉన్నాయి, అప్పులున్నాయా, యూనివర్సిటీ ఆఫీసువాళ్లు ఒప్పుకుంటారా అన్నీ చూస్తారు. నచ్చితే కాలనీ హోదా ఇస్తారు. ఆ తర్వాత సభ్యుల సంఖ్య, సేవా కార్యక్రమాలు, లెక్కలు ఇలా కొన్ని షరతులు పూర్తి చేస్తే ఒకరోజు పెద్ద ఫంక్షన్ పెట్టి చార్టర్ చేతికిస్తారు. మధ్యలో హెడ్‌క్వార్టర్స్ నుంచి ఒక కన్సల్టెంట్ వచ్చి పోతుంటాడు. కన్సల్టెంట్ అంటే నెరిసిన జుట్టు పెద్దమనిషి అనుకునేరు, మా దగ్గరికి వచ్చినవాడు ముందు ఏడాది డిగ్రీ అయినవాడు, మా సోఫాలోనే పడుకున్నాడు పాపం.

డబ్బు సంగతి. కొత్తగా చేరే ప్రతివాడికీ ఒకసారి కట్టే ఇనిషియేషన్ ఫీజు, ఏటా డ్యూస్, దాని మీద ఇన్సూరెన్స్. మాకు అన్నిటికంటే బరువైంది ఇన్సూరెన్సే. కానీ చాలా లోకల్స్ నేషనల్ వైపు చూసేది కూడా దానికోసమే. ఇన్సూరెన్స్ లేకపోతే యూనివర్సిటీ గుర్తింపు ఇవ్వదు, ముప్ఫై మంది పిల్లలు సొంతంగా కొందామంటే ఏ కంపెనీ సరైన రేటుకి ఇవ్వదు. ట్రెజరర్‌కి అసలు తలనొప్పి వేరే చోట ఉంది. హెడ్‌క్వార్టర్స్ బిల్లు మన దగ్గర వసూలైన డబ్బుని బట్టి రాదు, లిస్టులో ఎన్ని పేర్లుంటే అన్నిటికి వస్తుంది. ఐదుగురు ఎగ్గొడితే ఆ ఐదుగురి బాకీ చాప్టర్ మీద పడుతుంది. కాబట్టి లిస్టు ఏ తేదీన లెక్కపెడతారో, మానేసినవాడి పేరు తీసేయడానికి గడువు ఎప్పటిదాకానో ముందే రాతపూర్వకంగా అడగమనండి. మేం అడగలేదు, ఒక సెమిస్టర్ అంతా చందాలు వేసుకుని కట్టాం.

సీతమ్మధార_బాబాయ్:

అమ్మా, మీ నాన్నగారి అనుమానం మరీ కొట్టిపారేయకండి, లెక్కల మనిషి కదా. గొలుసు స్కీము కాదు కానీ, పైవాడికి తల లెక్కన కట్టడం అనేది ఉందిగా.

మనకి తెలిసిన ఉదాహరణ రోటరాక్ట్. 1968లో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో మొదలైంది, మన ఊళ్లో కాలేజీల్లోకి కూడా వచ్చింది, నేను కూడా చదువుకునే రోజుల్లో మెంబర్‌ని. ఎన్నో ఏళ్లపాటు రోటరాక్ట్ క్లబ్బులు రోటరీ ఇంటర్నేషనల్‌కి తలకింతని ఏటా కట్టే పని లేదు. 2022 జులై నుంచి పెట్టారు, కాలేజీ క్లబ్బులో సభ్యుడికి ఏడాదికి 5 డాలర్లు, బయటి క్లబ్బులైతే 8 డాలర్లు. అది పెద్ద మొత్తం కాదనుకోండి, నేను చెప్పేది ఏంటంటే చేరిన రోజున ఉన్న ఫీజే ఎప్పటికీ ఉంటుందనుకోకూడదు. ఫీజు పెంచే అధికారం ఎవరిది, పెంచేటప్పుడు మనకి ఓటుంటుందా అని అడగాలి. అక్కడి ఫ్రెటర్నిటీల్లో రెండేళ్లకో ఎప్పుడో జాతీయ సమావేశం పెట్టి చాప్టర్ల ప్రతినిధులతో ఓట్లు వేయిస్తారని విన్నాను, ఎవరైనా నిర్ధారిస్తే బాగుంటుంది.

ఇంకో మాట. ద్వారకానగర్‌లో మా తోడల్లుడు పదిహేనేళ్లు ట్యూషన్ సెంటర్ నడిపి ఒక పెద్ద కార్పొరేట్ సంస్థకి బ్రాంచిగా ఇచ్చేశాడు. బోర్డు మారింది, ఏసీలు వచ్చాయి, పిల్లలు రెట్టింపయ్యారు. మూడో ఏడాది ఆ సంస్థ ఆ వీధిలో బ్రాంచి ఎత్తేసింది. అప్పటికి ఆయన పాత పేరు జనం మర్చిపోయారు, మళ్లీ మొదలుపెడదామంటే ఫోన్ నంబర్ కూడా ఆ సంస్థ పేరు మీదే ఉంది. మీ తమ్ముడిని పాత పేరు సంగతి అడగమనండి.

మధురవాడ_నైట్‌షిఫ్ట్:

అవును బాబాయ్ గారూ, మావాళ్లకి రెండేళ్లకోసారి కన్వెన్షన్ ఉండేది, చాప్టర్‌కి ఒక ఓటు. వందకి పైగా చాప్టర్లలో ఒక ఓటు అంటే ఎంతో మీరే చూసుకోండి.

పెదవాల్తేరు_అమ్మ:

డబ్బు తర్వాత సంగతి, నాకైతే ముందు భయం ర్యాగింగ్. మనకి 1997 నుంచి రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, 2009 యూజీసీ నిబంధనల ప్రకారం ఏటా పిల్లాడూ తల్లిదండ్రులూ హామీ పత్రం ఇస్తున్నాం. అక్కడ దాన్ని హేజింగ్ అంటారు, ఫ్రెటర్నిటీల చరిత్రలో ప్రాణాలు పోయిన కేసులు ఉన్నాయి. మా అబ్బాయి అక్కడికి వెళ్లేటప్పుడు నేను కూర్చుని చదివాను. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ అనే పెద్ద ఫ్రెటర్నిటీ 2014లో ప్లెడ్జింగ్ అనే ప్రొబేషన్ పద్ధతినే మొత్తం ఎత్తేసింది, అంత దాకా వచ్చింది పరిస్థితి. చాలా ఫ్రెటర్నిటీలు సభ్యులుగా ఉండే నార్త్ అమెరికన్ ఇంటర్‌ఫ్రెటర్నిటీ కాన్ఫరెన్స్ 15 శాతం దాటిన ఆల్కహాల్‌ని చాప్టర్ ఇళ్లలో ఉండకూడదని 2019 సెప్టెంబరు గడువు పెట్టింది, లైసెన్సున్న బయటి అమ్మకందారు పోస్తే తప్ప.

నేషనల్ అంటే రూల్స్ పుస్తకం లావుగా ఉంటుంది. కానీ రూలున్నంత మాత్రాన జరగదని కాదు, లోకల్ అంటే అమాయకులనీ కాదు, అక్కడ అడిగేవాడే ఉండడు. 2024 డిసెంబరులో హేజింగ్ మీద అక్కడ ఫెడరల్ చట్టం వచ్చింది, దాని ప్రకారం కాలేజీలు హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల పేర్లతో రిపోర్టు వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీ తమ్ముడిని ఆ నేషనల్ పేరు పట్టుకుని వేరే నాలుగు యూనివర్సిటీల రిపోర్టులు చూడమనండి, పెద్ద పని కాదు, ఒక సాయంత్రం. వాళ్ల కన్సల్టెంట్ చెప్పే కబుర్ల కంటే అది నయం.

జెర్సీలో_జగదాంబ:

మాది జగదాంబ దగ్గరే, ఇప్పుడు న్యూజెర్సీ. ఒక డౌటు, సగం మంది మనవాళ్లే అంటున్నారు కదా, మరి సౌత్ ఏషియన్ ఫ్రెటర్నిటీలు చూశారా? డెల్టా ఎప్సిలాన్ సై 1998లో టెక్సస్ ఆస్టిన్‌లో, బీటా కై థీటా 1999లో యూసీఎల్‌ఏలో మొదలయ్యాయి, ఇప్పుడు దేశమంతా చాప్టర్లున్నాయి. పాత పెద్ద ఫ్రెటర్నిటీలో చేరితే పేరు, పూర్వ విద్యార్థుల నెట్‌వర్క్ పెద్దవి, ఒప్పుకుంటా. కానీ వాటిలో చాలావాటికి ఒకప్పుడు తెల్లవాళ్లనే చేర్చుకోవాలన్న నిబంధన ఉండేది. డార్ట్‌మత్‌లో ఒక చాప్టర్ 1956లో ఆ గొడవ మీదే ఫై సిగ్మా కప్పా అనే నేషనల్ నుంచి బయటికొచ్చేసి, ఫై టావ్ అనే పేరుతో లోకల్‌గా నిలబడింది. అంటే మీ తమ్ముడి వాళ్లు ఇప్పుడు ఎక్కాలనుకుంటున్న బండి నుంచి దిగిపోయి బతికినవాళ్లు కూడా ఉన్నారు. ఆ రూల్స్ ఇప్పుడు లేవులెండి. అయినా మీ నేపాల్ అబ్బాయి, వియత్నాం అబ్బాయి ఆ పెద్ద బ్యానర్ కింద ఇంతే హాయిగా ఉంటారా అనేది ఆ ఫ్రెటర్నిటీ వేరే చాప్టర్లలో ఉన్న మనవాళ్లని ఇద్దరిని అడిగితే తెలిసిపోతుంది.

ఇంకోటి, లోకల్ నుంచి పాసై వెళ్లిపోయిన సీనియర్లు ఉంటారుగా. వాళ్లని కూడా కొత్త ఫ్రెటర్నిటీలో సభ్యులుగా చేర్చుకుంటారా లేదా? చాలామంది చేర్చుకుంటారు, కానీ అడక్కపోతే ఎవరూ చెప్పరు.

విశాలాక్షినగర్_అక్క:

అందరికీ థాంక్స్. రాత్రి వాడితో గంటన్నర మాట్లాడాను, మీరు చెప్పినవన్నీ చదివి వినిపించాను. మొదట్లో "అక్కా నీకు తెలీదు" అన్నాడు, లిస్టు తేదీ సంగతి వచ్చేసరికి సైలెంట్ అయిపోయాడు. అది వాడికి తట్టలేదట. పాత సీనియర్ల గురించి అడిగితే ఇంకా దారుణం, వాళ్లకి అసలు చెప్పనేలేదట, హోమ్‌కమింగ్‌కి (పాత విద్యార్థులు క్యాంపస్‌కి వచ్చే పండగ) వచ్చినప్పుడు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నారట! మొదలుపెట్టినవాళ్లలో ఒకాయనకి ఇప్పుడు పెళ్లయి ఇద్దరు పిల్లలు, ఆ పేరు ఆయన పెట్టిందే, ఆయనకి సర్‌ప్రైజ్ అంట. నాకు ఒళ్లు మండింది, వెంటనే మెయిల్ పెట్టమన్నాను. ఓటింగ్ రెండు వారాలు వెనక్కి జరిపారు.

ఇక్కడ కథ ఇంకోలా నడుస్తోంది. వాడు ఒప్పందం డ్రాఫ్ట్ పంపితే నాన్న ఇసుకతోట జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నారు. రెండు రోజుల క్రితం తిట్టిన మనిషి ఇప్పుడు వాడికి పొద్దున్నే తనే ఫోన్ చేస్తున్నారు. పదకొండో పేజీలో ఒక చోట, చార్టర్ రద్దయితే చాప్టర్ ఆస్తులన్నీ హెడ్‌క్వార్టర్స్‌కి చెందుతాయని ఉందట. దాని పక్కన "ఇదేంటి" అని రాసి రెండుసార్లు గీత గీశారు. వాళ్లకి ఆస్తి అంటే ఏముంది, ఒక పాత పూల్ టేబులు, బ్యాంకులో కొంచెం డబ్బు, అద్దెకి ఉంటున్న ఇల్లు. కానీ ఆ ఇల్లు కొందామని సీనియర్లు కొందరు చందాలు పోగేస్తున్నారట. ఆ డబ్బు కూడా పోతుందా?

మధురవాడ_నైట్‌షిఫ్ట్:

మీ నాన్నగారిని మా కంపెనీ లీగల్‌లోకి పంపండి అక్కా, సీరియస్‌గా.

ఆ క్లాజు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. మామూలుగా తప్పించుకునే దారి ఏంటంటే ఇల్లు, ఇంటి చందాలు చాప్టర్ పేరు మీద ఉంచరు. సీనియర్లు విడిగా హౌసింగ్ కార్పొరేషన్ రిజిస్టర్ చేసుకుని, ఇల్లు దాని పేరున కొని, చాప్టర్‌కి అద్దెకిస్తారు. చాప్టర్ ఉన్నా పోయినా ఇల్లు సీనియర్లదే. కానీ ఆ కార్పొరేషన్ రూల్స్‌లో హెడ్‌క్వార్టర్స్ పేరు ఎక్కడైనా దూర్చారా అని చూడాలి, కొన్ని చోట్ల దూరుస్తారు. ఓటింగ్‌కి ముందే, చందా డబ్బు చాప్టర్ అకౌంట్‌లో ఉంటే తీసి విడిగా పెట్టమనండి, అదీ అక్కడి లాయర్‌కి ఒకసారి చూపించి. యూనివర్సిటీలో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ ఉంటే మొదట అక్కడ అడగమనండి, మా దగ్గర ఫ్రీగానే చూసేవాళ్లు.

విశాలాక్షినగర్_అక్క:

చందా డబ్బు వీడి చాప్టర్ అకౌంట్‌లోనే ఉందట. నాన్నకి చెప్పాను. ఫోన్ కలుపుతున్నారు, అక్కడ అర్ధరాత్రి దాటింది అన్నా వినట్లేదు.