పల్సర్ 150: చేతిలో 12 వేలే ఉన్నాయి, ఇంజన్‌లో ముందు ఏది మార్చాలి?

ఘాట్‌రోడ్డు
మూడు రోజులుగా వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కింది. బండి పల్సర్ 150. ఇద్దరం ఎక్కి అరకు ఘాట్ ఎక్కుతుంటే మూడో గేరు దాటట్లేదు, నాలుగులో వేస్తే దమ్ము పోతోంది. ఒకడు కోన్ ఫిల్టర్ (గాలి ఎక్కువ పీల్చేది) అంటాడు, ఒకడు ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగని తక్కువ అడ్డంతో వదిలేది), ఇంకొకడు క్యామ్ (వాల్వులు తెరిచేది), మరొకడు బోరింగ్. ఉన్నది 12 వేలు. ఏది ముందో వరస చెప్పండి చాలు. ‘అమ్మేసి పల్సర్ 220 కొను’ అని మాత్రం అనొద్దు.

చప్పుడొద్దు
ఫ్రీ ఫ్లో ఆలోచన ఇప్పుడే మానుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పోలీసులు సైలెన్సర్లు పీకి రోడ్డు రోలర్ కింద వేయించడం చూడలేదా? పైగా స్టాక్ (మార్పులేవీ చేయని) ఇంజన్‌కి అది పెడితే పెరిగేది మోత ఒక్కటే.

లేత్‌పని
ఏ సంవత్సరం బండి? ఎన్ని కిలోమీటర్లు? పొగ ఏ రంగు?

ఘాట్‌రోడ్డు
2011. మీటరు 86 వేలు. పొగ కాస్త నీలంగా వస్తుంది, పాత బండి కదా. నేనడిగింది పికప్ గురించి అన్నా, పొగ గురించి కాదు.

లేత్‌పని
రెండూ ఒకటే తమ్ముడూ. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు గుప్పుమని వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్. యాక్సిలేటర్ ఇచ్చినంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం). ఏదీ కొనకముందు కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కితే వచ్చే ఒత్తిడి) చూపించు.

ఇంజన్ వేడెక్కాక ఒక ప్లగ్ తీసి ఆ రంధ్రంలో గేజ్ బిగించాలి. నీది డీటీఎస్ఐ, రెండు ప్లగ్గులు. ఇంకోదాని క్యాప్ కూడా పీకి, రెండు క్యాపుల్లోనూ పాత ప్లగ్గులు గుచ్చి ఇంజన్ లోహానికి ఆనించు. క్యాపులు గాల్లో వదిలేసి సెల్ఫ్ కొడితే సీడీఐ (ప్లగ్గులకి కరెంటు పంపే పెట్టె) పోవచ్చు. యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు ఆగేదాకా సెల్ఫ్ కొట్టు. 150 పీఎస్ఐ దాటితే ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. 120 కిందికి వస్తే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడు. ముల్లు పైకి లేస్తే రింగులు అరిగాయి. లేవకపోతే వాల్వుల దగ్గర లీకు, అప్పుడు హెడ్ దించి ల్యాపింగ్ (వాల్వులు సరిగ్గా కూర్చునేలా రుద్దడం) చేయించి సీల్స్ మార్చాలి.

అంతకంటే ముందు ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు. చల్లటి ఇంజన్ మీద ఇన్‌టేక్ 0.05, ఎగ్జాస్ట్ 0.10 మి.మీ. బిగుసుకుపోయిన ట్యాపెట్ చప్పుడు చేయదు, వాల్వుని మాత్రం కాల్చేస్తుంది.

రెడ్‌లైన్
ఇంత సోది దేనికి బ్రో. పల్సర్ 180 బ్లాకు (సిలిండర్) వేసెయ్. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) రెండిటికీ 56.4 మి.మీ.యే. బోరింగ్ ఎలాగూ చేయిస్తావు కదా.

లేత్‌పని
ఏ బోరింగ్? అరిగిన సిలిండర్‌ని గుండ్రంగా కోసి ఓవర్‌సైజు పిస్టన్ వేయడం బోరింగ్. అది రిపేరు, అప్‌గ్రేడ్ కాదు. 58 మి.మీ. బోరుని 58.5 చేస్తే 149 సీసీ కాస్తా 151.6 అవుతుంది, అంతే. నువ్వు చెప్పేది బిగ్ బోరు, అంటే పెద్ద సిలిండర్ వేసి సీసీ పెంచడం. 180 బోరు 63.5. ఆ స్లీవు (సిలిండర్ లోపలి గొట్టం) దిగాలంటే ఇంజన్ మొత్తం విప్పి క్రాంక్‌కేసు (ఇంజన్ కింది పెట్టె) మూతి కోయించాలి. తర్వాత హెడ్, జెట్టింగ్ (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రాల సైజు), క్లచ్. 12 వేలు విప్పడానికే సరిపోతాయి.

రెడ్‌లైన్
మా ఏరియాలో అన్నిటినీ బోరింగ్ అనే అంటారు.

లేత్‌పని
అందుకే అడిగినదొకటి, లేత్ షెడ్డులో చేసేదొకటి అవుతోంది.

చైన్‌సెట్
టైర్ సైజు ఎంత?

ఘాట్‌రోడ్డు
వెనక 120/80-17 వేయించా, లుక్ కోసం. పోయినేడాది. ఎందుకు?

చైన్‌సెట్
అదీ సంగతి. కంపెనీది 100/90-17. నీ చక్రం వ్యాసం 612 నుంచి 624 మి.మీ.కి పెరిగింది, అంటే గేరింగ్ 2 శాతం పొడుగైంది, లాగుడు అంత తగ్గింది. బరువు అదనం. ఘాట్‌లో నాలుగో గేరు లాగకపోవడంలో దానికీ వాటా ఉంది. పాత సైజుకి దిగు. ఇంజన్ వైపు ఉండే ముందరి స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లు లెక్కపెట్టి ఒక పన్ను తగ్గించు. 15 ఉంటే 14 వేస్తే చక్రం దగ్గర లాగుడు 7 శాతం పెరుగుతుంది. అదే స్పీడుకి ఆర్పీఎం కూడా అంతే పెరుగుతుంది, హైవేలో మోత భరించాలి. చైన్ అరిగి ఉంటే సెట్టంతా మార్చు, పాత చైన్ కొత్త పళ్లని తినేస్తుంది.

క్లచ్ కూడా చూడు. నాలుగో గేర్లో 40 మీద ఒక్కసారిగా యాక్సిలేటర్ ఇస్తే ఆర్పీఎం లేచి స్పీడు లేవకపోతే ప్లేట్లు జారుతున్నట్టే.

మొబిల్‌మాస్టారు
క్లచ్ మాట వచ్చింది కాబట్టి, కారు ఆయిల్ పోశారేమో అడగండి. అందులోని ఫ్రిక్షన్ మాడిఫయర్లకి తడి క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (తడి క్లచ్ బండ్లకి పనికొస్తుందనే గుర్తు) ఉండాలి, చిక్కదనం 20డబ్ల్యూ50. సింథటిక్ కోసం ఎగబడేవాళ్లు...

లేత్‌పని
మాస్టారూ, ఆయిల్ కాల్చే ఇంజన్‌కి సింథటిక్ చర్చ తర్వాత పెట్టుకుందాం.

వరస ఇదిగో. ట్యాపెట్లు. తర్వాత రెండు ప్లగ్గులూ (చాలా షెడ్లలో చేతికందేది మార్చి రెండోదాన్ని వదిలేస్తారు), ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్ క్లీనింగ్. ఆపైన కంప్రెషన్, అది చెప్పినదాన్ని బట్టి బోరో హెడ్డో. మిగిలితే టైరు, స్ప్రాకెట్. కోన్ ఫిల్టర్ వద్దు. నీది వ్యాక్యూమ్ కార్బొరేటర్, పెద్ద జెట్ వేయకుండా అది పెడితే పెట్రోలు పాలు తగ్గి మిశ్రమం పలచబడి ప్లగ్ తెల్లగా కాలుతుంది, ఘాట్‌లో పిస్టన్ పట్టేస్తుంది. బోరు చేయిస్తే పిస్టన్ చేతికొచ్చాకే దాని కొలతకి కోయించు, ముందు కోసి పిస్టన్ వెతకొద్దు. మొదటి 500 కిలోమీటర్లు 50 దాటకు, ఘాట్ ఎక్కకు, తర్వాత ఆయిల్ మార్చు.

ఘాట్‌రోడ్డు
సరే. ప్లగ్గులు తీసి చూశా, ఒకటి నల్లగా తడిగా ఉంది, రెండోది రావట్లేదు. థాంక్స్ అన్నా. గేజ్ వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతుంది?

మొబిల్‌మాస్టారు
తడి అంటే ఆయిలా పెట్రోలా? వాసన చూడండి. ఇంతకీ ఏ ఆయిల్ పోశారో చెప్పనే లేదు.

రెడ్‌లైన్
180 బ్లాకు మా దగ్గర ఒకటుంది, కావాలంటే చెప్పు.