గద్దరన్న పాటల పెట్టెలో సినిమాలకు చోటుందా, లేదా?

సీమ క్యాసెట్ (అనంతపురం):

గద్దరన్న 2023 ఆగస్టు 6న పోయినాక మా నాయన ట్రంకు పెట్టె అటక మీది నుంచి దించాను. గద్దరన్న పాట బృందం జన నాట్యమండలి క్యాసెట్లు, సభల్లో టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్నవి, అన్నీ కలిపి 38 ఉన్నాయి. అప్పటి నుంచి నేను వెతికి కొన్న సినిమా డిస్కులు కూడా వాటి పక్కనే పెడుతూ వచ్చాను: 'మా భూమి', 'ఒరేయ్ రిక్షా', 'జై బోలో తెలంగాణ'. మొన్న అన్నిటికీ లిస్టు రాయడానికి కూర్చుంటే మనసొప్పలేదు. సినిమాలు తీసి పక్కన పెట్టేశాను. ఈ సేకరణలో వాటికి చోటు లేదన్నది నా మాట.

ఎందుకో చెప్తాను. నా దగ్గర ఒకే పాట మూడు సభల్లో పాడింది ఉంది. మూడూ మూడు రకాలు. ఒక దాంట్లో పాట ఆపి జనంతో మాట్లాడతాడు. మళ్లీ డప్పు అందుకునే దాకా గజ్జెల చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. ఎవరో పసిపిల్లోడు ఏడుస్తుంటాడు. "రోంత జరుగప్పా, బాక్సు కాడ పెట్టాల" అని మా నాయన గొంతు. ఈ పాటను కొలిచి, కోసి, నాలుగు నిమిషాలకు కుదించి హీరో కథ మధ్యలో పెడితే అది ఇంకేదో అవుతుంది. జనం లేని చోట ఆ పాట సగమే.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

అన్నా, మీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. సభలకు పోయే అదృష్టం నాకు లేదు. ఆయన్ని నేను మొదట చూసింది 'మా భూమి'లోనే. గౌతమ్ ఘోష్ 1979లో తీసిన ఆ సినిమాలో, గొంగడి వేసుకుని 'బండెనక బండి కట్టి' ఎత్తుకునే ఆ కుర్ర గద్దర్ మీ 38 క్యాసెట్లలో ఎక్కడ దొరుకుతాడు? టేపుకు ముఖం ఉండదు కదా.

దాని తర్వాత 2011 నాటి 'జై బోలో తెలంగాణ'లో 'పొడుస్తున్న పొద్దుమీద' పెట్టుకుని వినండి. మధ్యలో 32 ఏళ్లు. 1997 ఏప్రిల్‌లో ఇంటికొచ్చి ఆయన మీద కాల్పులు జరిపారు, ఒక బుల్లెట్ చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. ఆ మనిషే మళ్లీ గొంతెత్తాడు. ఆ రెండు గొంతులూ పక్కపక్కన పెట్టి వింటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇది సినిమాల వల్లే దొరికింది.

ఇంకో సంగతి. 1995లో 'ఒరేయ్ రిక్షా'కు ఆయన రాసిన 'మల్లెతీగకు పందిరివోలె' పాటకు నంది అవార్డు వస్తే వద్దన్నాడు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టింది. డిస్కు పక్కన పడేస్తే ఆయన కాదన్న ఆ సంగతి కూడా లిస్టులోంచి పోతుంది.

సీమ క్యాసెట్ (అనంతపురం):

'మల్లెతీగ' పాడింది వందేమాతరం శ్రీనివాస్. గద్దరన్న గొంతు లేని డిస్కు గద్దరన్న సేకరణలో ఎట్లా పెట్టేది?

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):

ఆ లెక్కన మీ క్యాసెట్లలోంచి కూడా సగం తీసేయాలి సార్. 'బండెనక బండి కట్టి' రాసింది తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న బండి యాదగిరి. 'ఊరు మనదిరా' గూడ అంజయ్య గారిది. ఆయన 2016లో పోయారు. ఈ రెండూ గద్దర్ పాటలే అని మా స్కూల్లో తోటి టీచర్లు కూడా అనుకుంటారు. నా దగ్గరున్న క్యాసెట్ల అట్టల మీద రాసినవాళ్ల పేరు ఒక్కదాని మీద లేదు. సినిమా ఉండాలా వద్దా అన్నదానికంటే నాకు ఇది పెద్ద తప్పుగా కనిపిస్తుంది. ఒకరి గొంతును ప్రేమించి ఇంకొకరి కష్టాన్ని మరిచిపోతున్నాం.

మా కడపలో బ్రౌన్ దొర ఏం చేశాడో గుర్తు చేస్తాను. బంగళా కొని, పండితుల్ని జీతానికి పెట్టి, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టించాడు. ఇది అసలు, ఇది నకిలీ అని ముందే తీసి పారేయలేదు. ఏ ప్రతిలో ఏ మాట మారిందో రాయించాడు. జానపదానికి అంతకంటే మంచి దారి లేదు. మన బుడ్డా వెంగళరెడ్డి పాటే తీసుకోండి, కరువులో అన్నం పెట్టిన ఆ మనిషి పాట ఒక్కో ఊళ్లో ఒక్కో తీరుగా పాడతారు. ఏది తీసేస్తాం? సభలో పాడింది ఒక ప్రతి, సినిమాలోది ఇంకో ప్రతి. పక్కన రాసినవారు, పాడినవారు, ఎక్కడ, ఏ ఏడు అని నాలుగు గళ్లు గీయండి. చాలు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

టీచరమ్మ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అన్నా, ఒక్క మాట, తప్పుగా అనుకోవద్దు. మీరు ఆ సభ టేపును అంత గట్టిగా పట్టుకున్నది గద్దరన్న కోసమా, మీ నాయన గొంతు కోసమా?

సీమ క్యాసెట్ (అనంతపురం):

రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. రెండూనూ. నాయన పోయి తొమ్మిదేళ్లు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

టీచరమ్మ గళ్లు ఒప్పుకుంటున్నాను. నిన్న రాత్రి మొదలుపెట్టాను, రాసినవారి గడి సగం ఖాళీగానే ఉంది. సినిమాలు కూడా లిస్టులోకి ఎక్కుతాయి. కానీ సభ టేపులు ముందు, సినిమాలు తర్వాత. అందులో మాత్రం మారను.

టెన్షన్ అంతా ఆ టేపు గురించే. చుట్ట అంచున తెల్లగా బూజు పట్టింది, లోపలి స్పాంజి ముక్క ఊడిపోయింది. పోయినేడు ఇట్లాంటిదే ఒకటి బాగు చేయమని ఒక షాపులో ఇస్తే మిషన్ నమిలేసి ఉండచుట్టి ఇచ్చారు. మళ్లీ ఎవరి చేతికీ ఇవ్వబుద్ధి కావడం లేదు.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):

దయచేసి దాన్ని ప్లే చేయకండి. స్క్రూలు ఉన్న ఖాళీ క్యాసెట్ ఒకటి కొని, టేపు చుట్టలు మాత్రం దాంట్లోకి మార్చాలి. మెత్తటి పొడిగుడ్డతో బూజు తుడిచి, చేత్తో మెల్లగా ఒకసారి ఈ కొస నుంచి ఆ కొస దాకా చుట్టాలి. అప్పుడు డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) పెట్టి, దాని వెనక లైన్ అవుట్ అనే వైరు రంధ్రం నుంచి కంప్యూటర్‌కు ఎక్కించండి. శబ్దాన్ని కుదించే ఎంపీత్రీ వద్దు, ఉన్నదున్నట్టు ఉంచే వేవ్ ఫైలుగా దాచండి. గరగర శబ్దం తీసేసే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు, ఆ గరగరతో పాటు గజ్జెలు కూడా పోతాయి.

యూట్యూబ్‌లో పెట్టే ముందు మాత్రం ఆలోచించండి. పాట రాసినవారు పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది, అంటే గద్దర్ గారు రాసిన పాటలకు 2083 దాకా. ఇంట్లో వినడానికి కాపీ చేసుకోవడం వేరు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

నా దగ్గర మంచి డెక్ ఉంది, బెల్టు కొత్తది వేయించాను. ఖాళీ క్యాసెట్లు రెండు నేనే తెస్తా. ఆదివారం పొద్దున బస్సుకు అనంతపురం వచ్చేదా?

సీమ క్యాసెట్ (అనంతపురం):

రాప్పా. అమ్మకు చెప్పాను, ఎక్కించేటప్పుడు తానూ పక్కన కూర్చుంటానంటోంది. నీ 'మా భూమి' డిస్కు కూడా తెచ్చుకో, నా దాంట్లో రెండో భాగం ఆగి ఆగి వస్తోంది.